ఆ గడ్డిబండి ఖాళీగా ఎందుకుంది?

నది ఒడ్డున పల్లెటూరి బొమ్మ ఏది కనిపించినా మన నోటివెంట వచ్చే మొదటి మాట, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" రెండో మాట, "ఇలాంటి చోట చిన్న ఇల్లుంటే చాలు, ఉద్యోగం సద్యోగం ఏదీ అక్కర్లేదు." మూడో మాట ఉండదు. వేలు పైకి జరుగుతుంది, బొమ్మ వెళ్ళిపోతుంది, దాని చోట రీల్ వస్తుంది.

ఆ రెండు మాటలూ నిజానికి మన గురించి మనం చెప్పుకుంటున్నవి. మిడ్స్, ల్యాబ్ రికార్డులు, ప్లేస్‌మెంట్ల భయం, వీటన్నిటి నుంచి కాసేపు పారిపోవాలని ఉంటుంది. ఆ కోరికని తీసుకెళ్ళి బొమ్మకి అతికిస్తాం. తప్పేం లేదు. కానీ అక్కడితో ఆగిపోతే బొమ్మని చూడనట్టే. పల్లె బొమ్మని ప్రశాంతత కోసం చూడటం మానేసి, పని కోసం చూడాలని నా వాదన. ఎవరు పని చేస్తున్నారు, దేనితో చేస్తున్నారు, ఎవరి కోసం చేస్తున్నారు, ఎవరు చూస్తున్నారు? ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి ఈ ప్రశ్నలు అడగడం ఇంకా తేలిక. మనకి వస్తువు కనిపిస్తే అది ఎలా పనిచేస్తుందో అడిగే అలవాటు ఎలాగూ ఉంది.

వాదన గాల్లో చెయ్యకుండా ఒక్క బొమ్మ తీసుకుంటాను. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్'. తెలుగులో చెప్పాలంటే 'గడ్డిబండి'. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. బిస్కట్ డబ్బాల మీదా, కేలండర్ల మీదా, జిగ్‌సా పజిళ్ళ మీదా వేసి వేసి అరగదీసిన బొమ్మ. 2005లో బీబీసీ రేడియో వాళ్ళు బ్రిటన్‌లో అన్నిటికన్నా గొప్ప చిత్రం ఏదని శ్రోతల్ని అడిగితే రెండో స్థానం దీనికే వచ్చింది. 'ప్రశాంతమైన పల్లె' అంటే ఇంగ్లీషువాళ్ళ బుర్రలో ఇదే మెదులుతుందంటే అతిశయోక్తి కాదు. అందుకే పరీక్షకి ఇది సరైన బొమ్మ.

గ్యాలరీ వెబ్‌సైట్‌లో పెద్ద సైజులో దొరుకుతుంది. తెరిచి పక్కన పెట్టుకుని చదవండి. ఫోన్‌లో కన్నా లాప్‌టాప్‌లో మేలు.

ముందు ఉన్నది ఉన్నట్టు చూద్దాం. ఎడమ పక్కన ఎర్ర పెంకుల కప్పు, తెల్ల గోడలు ఉన్న పాత ఇల్లు. పక్కనే చెట్లు. ఇంటి దగ్గర నీళ్ళలోకి వంగి ఒక ఆడమనిషి ఏదో పని చేసుకుంటోంది. ముందు ఒడ్డు మీద ఒక కుక్క. నది మధ్యలో, లోతు లేని చోట, గుర్రాలు కట్టిన పెద్ద చెక్క బండి. దాని మీద ఇద్దరు మనుషులు. గుర్రాల మెడ మీది తోలు సామానులో ఎర్ర రంగు. చుట్టూ ఉన్న పచ్చదనంలో ఆ చిన్న ఎరుపే కంటిని పట్టుకుని లాగుతుంది. కుడి పక్కన గట్టు మీద పొదల్లో ఒక పడవ, చేపలు పట్టే మనిషి. ఆ వెనక ఎండపడుతున్న విశాలమైన గడ్డి మైదానం. పైన సగం బొమ్మ నిండా మేఘాలు.

అంతేనా? ఇప్పుడు కుడి పక్క మైదానం దగ్గర జూమ్ చెయ్యండి. చెట్ల వరసకి ముందు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఇంకా దగ్గరకి వెళ్తే అవి మనుషులు. తెల్ల చొక్కాలు వేసుకుని గడ్డి కోస్తున్నవాళ్ళు. ఒకడు కొడవలికి పదును పెడుతున్నాడు. మన వంకీ కొడవలి కాదు, నిలబడి ఊపుతూ కోసే పొడుగు కర్ర కొడవలి. ఇంకొందరు ఇంకో బండికి గడ్డి ఎత్తుతున్నారు. ఆ బండి నిండుగా ఉంది.

నా ప్రశ్న ఇక్కడ మొదలైంది. గడ్డితో నిండిన బండి అంత దూరంగా, చుక్కంత ఉంది. 'గడ్డిబండి' అని పేరు పడ్డ బండి బొమ్మ నడిమధ్యలో ఉంది, అందులో గడ్డి లేదు. ఎందుకు?

మామూలు జవాబు ఏమిటంటే, అది గడ్డి దించేసి మళ్ళీ పొలానికి వెళ్తోంది. ఆ చోట నది తక్కువ లోతు, బళ్ళు దాటే రేవు. ఆ ఊరి పేరే ఫ్లాట్‌ఫర్డ్. చివరనున్న 'ఫర్డ్' అంటే కాలినడకనో బండి మీదో నది దాటే చోటు. బాగానే ఉంది. కానీ చూస్తే బండి పోతున్నట్టు ఉండదు, ఆగినట్టు ఉంటుంది.

ఈ బొమ్మని మా పెదనాన్నకి చూపించాను. ఆయనకి కాన్‌స్టబుల్ ఎవరో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో చెక్క చక్రాల ఎడ్లబండి ఉండేది. ఫోన్ దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి చూసి, "ఎండాకాలమా?" అని అడిగారు. అవును పెదనాన్నా, గడ్డి కోతల రోజులు అన్నాను. "అయితే చక్రాలు నానబెడుతున్నాడ్రా. ఎండకి చెక్క కుంచించుకుపోతే పట్టా వదులైపోద్ది. అలా నీళ్ళలో నిలబెడితే గుర్రాలకీ చల్లగా ఉంటది, చక్రానికీ బిగువొస్తది. మేం చెరువులో దింపేవాళ్ళం" అన్నారు.

తర్వాత చదివితే, ఈ బొమ్మ గురించి రాసినవాళ్ళు చెప్పే వివరణల్లో ఇదీ ఒకటి అని తెలిసింది. సంగతి మన మొదటి సంవత్సరం ఫిజిక్స్ అంతే. చెక్క చక్రం చుట్టూ ఇనుప పట్టా వేసేటప్పుడు దాన్ని ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లబడి కుంచించుకుని చెక్కని బిగించి పట్టుకుంటుంది. తర్వాత ఎండకి చెక్కలో తేమ పోయి, ముఖ్యంగా నారకి అడ్డంగా, చెక్క సన్నబడుతుంది. ఇనుము అంత మారదు. పట్టా వదులవుతుంది. నీళ్ళలో కాసేపు నానిస్తే చెక్క మళ్ళీ ఉబ్బుతుంది. బండివాడు నది మధ్యలో ఆగింది ప్రకృతి అందాలు చూడటానికి కాకపోవచ్చు. మెయింటెనెన్స్ కోసం కావచ్చు. అదే కారణమని రుజువేం లేదు. కానీ మనం 'ప్రశాంతత' అనుకున్న క్షణాన్ని ఒక పనివాడు చూస్తే అందులో పనే కనిపించింది. బొమ్మ అదే, కళ్ళు మారాయి.

ఇప్పుడు నది సంగతి. దాని పేరు స్టౌర్. సఫోక్, ఎసెక్స్ అనే రెండు జిల్లాలకి అదే సరిహద్దు. బొమ్మలో ఎడమ గట్టు సఫోక్‌ది, కుడి గట్టు ఎసెక్స్‌ది. చూస్తే ఎవరూ ముట్టుకోని నదిలా ఉంటుంది. నిజానికి 1705లోనే పార్లమెంటు చట్టం చేసి ఆ నదిని సరుకు రవాణాకి వీలుగా మార్చారు. లాకులు కట్టారు, గట్టు మీద గుర్రాలు నడుస్తూ పడవల్ని లాగేవి. సడ్బరీ నుంచి సముద్రం దాపుల్లోని మానింగ్‌ట్రీ దాకా ధాన్యం, పిండి వెళ్ళేవి, బొగ్గు లాంటివి వెనక్కి వచ్చేవి. అంటే మనం చూస్తున్నది ఆ రోజుల హైవే.

ఆ హైవే మీద వ్యాపారం ఎవరిది? చిత్రకారుడి నాన్నది. గోల్డింగ్ కాన్‌స్టబుల్ ధాన్యం వ్యాపారి. ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు ఆయన చేతిలోనే ఉండేది, డెడమ్‌లో ఇంకో మిల్లు, సొంత పడవలు కూడా. బొమ్మలో మిల్లు కనిపించదు, ఎందుకంటే మనం నిలబడి చూస్తున్నదే మిల్లు పక్క నుంచి. ముందు కనిపించే నీళ్ళు మిల్లు దగ్గరి నీళ్ళు. నాన్న పోయాక 1816 నుంచి తమ్ముడు ఏబ్రమ్ ఆ వ్యాపారం చూసుకున్నాడు. దాన్లో వాటా వల్లే అన్నగారు లండన్‌లో కూర్చుని అమ్ముడుపోని బొమ్మలు వేయగలిగాడు.

ఇది తెలిశాక బొమ్మ నాకు వేరేగా కనిపించింది. ఇది దారిన పోయేవాడు చూసిన పల్లె కాదు, పూర్తిగా పల్లెవాడు చూసిన పల్లె కూడా కాదు. మిల్లు యజమాని కొడుకు చూసిన పల్లె. కెమెరా ఎక్కడ పెట్టారన్నది సినిమాలో ఎంత ముఖ్యమో, ఇక్కడ ఆయన ఎక్కడ నిలబడ్డాడన్నది అంత ముఖ్యం. మిల్లు దగ్గర నిలబడితే సొంత నీళ్ళు దగ్గరగా, కూలీలు దూరంగా కనిపిస్తారు.

ఆ దూరం గురించి ఇంకొంచెం చెప్పాలి. 1821 నాటికి తూర్పు ఇంగ్లండ్ పల్లెలు ప్రశాంతంగా లేవు. 1815లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసింది. ధాన్యం ధరలు పడిపోయాయి. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళతో కూలీల సంఖ్య పెరిగింది, కూలి రేట్లు తగ్గాయి. భూస్వాముల ధరలు కాపాడటానికి అదే ఏడాది పార్లమెంటు ధాన్యం చట్టం తెచ్చింది, బయటి ధాన్యం రాకుండా. రొట్టె కొనుక్కుని తినేవాడికి అది భారం. 1816లో ఈ ప్రాంతంలోనే అల్లర్లు జరిగాయి. 'రొట్టె లేదా రక్తం' అన్నది ఆ అల్లర్ల నినాదం. 1822లో మళ్ళీ సఫోక్, నార్‌ఫోక్ పల్లెల్లో నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబెట్టారు. యంత్రాల మీద కోపం ఎందుకంటే, చేత్తో కొట్టి నూర్చడమే చలికాలంలో కూలీలకి మిగిలిన పని. యంత్రం వస్తే ఆ మూడు నాలుగు నెలలూ పస్తే. ఈ మంటల సంగతి కాన్‌స్టబుల్‌కి తెలుసు. 1822లో స్నేహితుడు ఫిషర్‌కి రాసిన ఉత్తరంలో తన ఊరి వైపు రాత్రిళ్ళు కనిపిస్తున్న మంటల గురించి రాశాడు కూడా.

ఆ మంటలు బొమ్మలోకి రాలేదు. ఎండుగడ్డి ఉంది, నిప్పు లేదు. కూలీలు ఉన్నారు, వాళ్ళకి ముఖాలు లేవు.

1980లో జాన్ బారెల్ అనే సాహిత్య విమర్శకుడు సరిగ్గా ఈ విషయం మీదే ఒక పుస్తకం రాశాడు, 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది లాండ్‌స్కేప్' అని. 18, 19 శతాబ్దాల ఇంగ్లీషు చిత్రాల్లో పేదవాళ్ళని ఎక్కడ పెట్టారు, ఎంత వెలుతురు ఇచ్చారు అన్నది ఆ పుస్తకం. ఆయన మాట టూకీగా ఇది: కాన్‌స్టబుల్ బొమ్మల్లో ఆ పొందిక కుదరాలంటే కూలీలు దూరంగా ఉండాలి. దగ్గరకి వస్తే వాళ్ళ ముఖాలు కనిపిస్తాయి, ముఖాలు కనిపిస్తే ప్రశ్నలు వస్తాయి.

ఇక్కడ దాకా చదివినవాళ్ళు, "అంటే కాన్‌స్టబుల్ మోసగాడంటావ్, అంతేనా?" అనుకోవచ్చు. అనను. బారెల్ చూపించిన లోటు నిజమే అని ఒప్పుకుంటూనే, తీర్పు అక్కడితో కొట్టెయ్యడం అన్యాయం అంటాను. కారణాలు రెండు.

మొదటిది కొలత. ఈ బొమ్మ 130 సెంటీమీటర్ల ఎత్తు, 185 సెంటీమీటర్ల వెడల్పు. దాదాపు ఆరడుగులు. ఆ కాలంలో లండన్ రాయల్ అకాడమీలో అంత పెద్ద గుడ్డ మీద ఏం వేసేవారు? యుద్ధాలు, రాజులు, పురాణ కథలు, బైబిలు ఘట్టాలు. ప్రకృతి దృశ్యం తక్కువ కులం లాంటిది, దానికి చిన్న గుడ్డ చాలు అనుకునేవారు. కాన్‌స్టబుల్ ఆ ఆరడుగుల గుడ్డ మీద బండి తోలేవాడిని పెట్టాడు. దేవుళ్ళు కూర్చునే చోట ఖాళీ బండి. ఇది ఒక్కసారి సరదాకి చేసింది కాదు. 1819 నుంచి వరసగా స్టౌర్ నది మీద ఇలాంటి పెద్ద బొమ్మలు వేశాడు. గుర్రాన్ని పడవలో దాటించడం, లాకు తెరవడం, గట్టు మీద కంచె దూకే గుర్రం, ఇవీ ఆయన వస్తువులు. అన్నీ పనులే.

దానికి మార్కెట్ ఏమంది? 1821 అకాడమీ ప్రదర్శనలో 'ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం' అన్న పేరుతో దీన్ని పెట్టాడు. అమ్ముడుపోలేదు. నీళ్ళ మీదా ఆకుల మీదా ఎండ మెరుపు కోసం ఆయన వేసే తెల్ల చుక్కల్ని 'కాన్‌స్టబుల్ మంచు' అని వెక్కిరించేవారు. 1824లో ఒక వ్యాపారి కొని పారిస్ సలోన్ ప్రదర్శనకి తీసుకెళ్తే అక్కడ సంచలనం అయింది, ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ బంగారు పతకం ఇచ్చాడు. ఇంట ఓడి రచ్చ గెలిచిన బొమ్మ ఇది. ఇవాళ అందరికీ 'సేఫ్'గా కనిపించే కేలండర్ బొమ్మ అప్పట్లో అంత సేఫ్ కాదు.

రెండో కారణం నాకు ఇంకా దగ్గరిది. బొమ్మ వేసింది పొలంలో కాదు, లండన్‌లో. చలికాలంలో, ఇంట్లో. చేతిలో ఉన్నవి ఏళ్ళ తరబడి ఊళ్ళో వేసుకున్న చిన్న చిన్న స్కెచ్‌లు, జ్ఞాపకం. ముందు ఇదే కొలతలో ఒక చిత్తు బొమ్మ కూడా వేసుకున్నాడు. అది ఇప్పుడు లండన్‌లోనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అసలు బొమ్మ సగంలో ఉండగా ఆయనకి ఒక అనుమానం వచ్చింది: బండి చట్రం సరిగ్గా ఎలా ఉంటుంది? వెంటనే తమ్ముడికి కబురు పెట్టాడు. ఊళ్ళో జానీ డన్‌థోర్న్ అనే కుర్రాడు ఆ చలిలో బయట కూర్చుని బండి బొమ్మ గీసి పంపాడు.

ఊరు వదిలి నగరంలో ఉంటూ, ఊరి బండి ఎలా ఉంటుందో మర్చిపోయానేమో అని భయపడి, ఇంటికి రాసి తెప్పించుకున్న మనిషి. ఈ మనిషి మనకి తెలుసు. హాస్టల్లో రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసి, "అమ్మా, ఫోన్ ఒక్కసారి పెరటి వైపు తిప్పు" అనేవాడు ఈయనే. అందుకే ఈ బొమ్మలో నాకు కనిపించేది ప్రశాంతత కాదు, బెంగ. ఆ ఎండ అంత వెచ్చగా ఉండటానికి కారణం అది లండన్ చలిలో తల్చుకున్న ఎండ కావడమే.

బెంగకి ఒక మంచి గుణం ఉంది, ఒక చెడ్డ గుణం ఉంది. మంచి గుణం: వివరం తప్పు పోనివ్వదు. బండి చట్రం కోసం ఉత్తరం రాయించింది ఆ గుణమే. చెడ్డ గుణం: తనకి కావలసిన వివరమే అడుగుతుంది. బండి కర్రలు ఎలా ఉంటాయని కాన్‌స్టబుల్ అడిగించాడు. ఆ ఏడాది గడ్డి కోతకి కూలి ఎంతిస్తున్నారో బొమ్మకి అక్కర్లేదు కాబట్టి అడిగే అవసరం రాలేదు. ఇంటికి మాత్రం పేరు మిగిలింది. ఎడమ పక్క ఉన్న ఇంటిని ఇప్పటికీ 'విల్లీ లాట్ ఇల్లు' అంటారు. ఆ రైతు 80 ఏళ్ళకి పైగా బతికి, మొత్తం జీవితంలో నాలుగే నాలుగు రాత్రులు ఆ ఇల్లు వదిలి బయట పడుకున్నాడని చెప్పుకుంటారు. ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది, జనం వెళ్ళి దాని ముందు సెల్ఫీలు దిగుతారు. బండి మీది ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలీవు. దూరంగా ఉన్న చుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇలా వదిలేసిన ఖాళీల్ని తర్వాతి తరాలు ఊరుకోలేదు. 1980లో పీటర్ కెన్నార్డ్ అనే కళాకారుడు ఈ బొమ్మ ఫొటో తీసుకుని ఆ ఖాళీ బండిలో అణు క్షిపణుల్ని నింపాడు. బ్రిటన్ నేల మీద అమెరికా క్రూయిజ్ క్షిపణులు పెట్టబోతున్న రోజులవి. మీరు ప్రేమించే పల్లె మీద ఇప్పుడు పెట్టబోయేది ఇదీ, అని ఆయన చెప్పింది. 2022 జూలైలో ఇద్దరు విద్యార్థులు, మన వయసు వాళ్ళే, గ్యాలరీలోకి వెళ్ళి ఈ బొమ్మ మీద కాగితాలు అంటించారు. ఆ కాగితాల్లో నది ఉండాల్సిన చోట రోడ్డు, ఆకాశంలో విమానాలు. చమురు తవ్వకాలకి వ్యతిరేకంగా నిరసన. తర్వాత చేతులు ఫ్రేముకి జిగురుతో అతికించుకున్నారు.

200 ఏళ్ళ వస్తువు మీదకి అలా వెళ్ళడం నాకు నచ్చలేదు. నది గురించి మాట్లాడాలంటే నది బొమ్మకి హాని చేసే ప్రమాదం తెచ్చిపెట్టనక్కర్లేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. రోజూ ముందు నిలబడి 'ఎంత ప్రశాంతం' అని వెళ్ళిపోయే వేలమంది కన్నా ఆ ఇద్దరూ, కెన్నార్డూ బొమ్మని గట్టిగా చదివారు. బండి ఖాళీగా ఉందని వాళ్ళు గమనించారు. నది శాశ్వతం కాదని గమనించారు.

ఇక మన దగ్గరకి వద్దాం. మన కాలేజీ ఫెస్ట్‌లో ప్రతి ఏడూ 'పల్లెటూరు' అని ఒక పెయింటింగ్ అంశం ఉంటుంది. ఏం వస్తాయో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, తెరచాప పడవ, ఒక తాటాకిల్లు, రెండు కొబ్బరి చెట్లు, నడుం మీద బిందెతో ఒక అమ్మాయి. మన పత్రికకి వచ్చే పల్లె కవితలూ అంతే. పైరగాలి, మట్టి వాసన, అమ్మమ్మ చేతి ముద్ద. నేను ఎగతాళి చెయ్యట్లేదు. కాన్‌స్టబుల్ కనీసం దూరంగా అయినా గడ్డి కోసేవాళ్ళని పెట్టాడు. మన బొమ్మల్లో ఆ చుక్కలు కూడా లేవన్నదే నా గొడవ. బొమ్మలో పొలం ఉంటుంది, పొలంలో ఒక్క మనిషి ఉండడు.

మాది గోదావరి కాలవ కింద ఊరు. మా ఊరి కాలవ గట్టు ఫొటో పెడితే 'నేచర్' అని హార్ట్‌లు పెడతారు. అది నేచర్ కాదండీ, సివిల్ ఇంజనీరింగ్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఆ డెల్టా రూపం మారింది. కాటన్ దొర బొమ్మ ఊరూరా ఉంది, ఆయనకి దండలు పడతాయి. ఆ ఆనకట్టకి రాళ్ళు మోసినవాళ్ళకి, కాలవలు తవ్వినవాళ్ళకి ముఖాలు లేవు. మళ్ళీ అవే తెల్ల చుక్కలు. ఇప్పటికీ ఆ నీళ్ళు వాటంతట అవి రావు. తూము ఎప్పుడు ఎత్తుతారు, వంతు ఎవరిది, శివారు పొలానికి నీళ్ళు చేరేలోపు పై వాళ్ళు ఎంత లాగేస్తారు, వీటి మీద మా ఊళ్ళో జరిగే తగాదాలు రాస్తే ఒక నవల. మా పెదనాన్న చేసేది కౌలు సేద్యం. పంట బాగున్నా పోయినా కౌలు కట్టాల్సిందే. ఆయన కాలవ గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూస్తుంటే ఫొటో తీస్తే ఎంతో ప్రశాంతంగా వస్తుంది. ఆయన చూసేది నీటి మట్టం.

నేను అడిగేది కష్టాల చిట్టా రాయమని కాదు. 'రైతు కన్నీరు' అని ఎర్ర అక్షరాలతో రాసే కవితలు కూడా పోస్ట్‌కార్డులే, రంగు మారిందంతే. నిజంగా చూసిన ఒక పనిని సరిగ్గా పెట్టండి, చాలు. తూము చక్రం తిప్పే లస్కరు చేతులు. మోటారు స్టార్టరు పెట్టెలో గూడు కట్టిన కందిరీగలు. నాట్లకి వచ్చినవాళ్ళు గట్టు మీద వరసగా పెట్టుకున్న టిఫిన్ క్యారేజీలు, వాటి మీద గుర్తుకోసం వేసుకున్న పెయింటు చుక్కలు. వీటిల్లో ఒక్కటి సరిగ్గా గీస్తే పల్లె మొత్తం దాని వెనకాలే వస్తుంది. అనుమానం వస్తే కాన్‌స్టబుల్ చేసిన పని చెయ్యండి, ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆయన అడగని ప్రశ్న కూడా కలిపి అడగండి: "ఈ ఏడు కూలి ఎంత నడుస్తోంది?"

రాజమండ్రి వైపు వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అక్కడ దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. 1925లో, 28 ఏళ్ళైనా నిండకుండా పోయిన మనిషి, మనకన్నా ఓ ఆరేడేళ్ళు పెద్ద. సెలవులకి వెళ్ళినప్పుడు గోదావరి గట్టుతో పాటు అది కూడా ఒక పూట చూడండి. చూసి ఎంత బాగున్నాయో రాయకండి. ఎవరు ఏ పనిలో ఉన్నారో, చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడో, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో రాసి పంపండి.

వచ్చే సంచికకి పల్లె బొమ్మలు, కవితలు మళ్ళీ వస్తాయి. రావాలి కూడా. పంపేముందు మీ బొమ్మని మీరే ఒకసారి జూమ్ చేసి చూసుకోండి. అందులో బండి ఉంటే, అది ఎవరిదో, ఎందుకు ఆగిందో మీకు తెలిసి ఉండాలి.